మెషిన్ హెడ్‌ను మొదటి పాట నుంచి విను

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఇంగ్లండుకు చెందిన రాక్ సంగీత బృందం డీప్ పర్పుల్ 1972లో విడుదల చేసిన ‘మెషిన్ హెడ్’ ఆల్బమ్ విన్నానని, అందులో ‘స్మోక్ ఆన్ ద వాటర్’ ముందు మిగిలినవన్నీ తేలిపోయాయని నువ్వు రాశావు. నీ వయసులో నేనూ అదే మాట అన్నాను. అప్పట్లో క్యాసెట్లు నింపి ఇచ్చే ఒక దుకాణదారు ఆ పాటను అన్నిటికన్నా ముందు పెట్టి, టేపు చాలలేదని ‘లేజీ’ని పూర్తిగా వదిలేసి నాకు ఇచ్చాడు. నేను విన్నది ఆ ఆల్బమ్ అసలు రూపం కాదని తెలియడానికి ఏళ్లు పట్టింది. ఈరోజు నీ ఫోను కూడా ఎక్కువమంది విన్న పాటనే ముందుకు తెస్తుంది. అందువల్ల ఏడు పాటలనూ రికార్డు మీద ఉన్న వరుసలోనే, ‘హైవే స్టార్’తో మొదలుపెట్టి, మధ్యలో దేన్నీ దాటవేయకుండా విను. అన్నీ కలిపినా 40 నిమిషాలు కావు.

వినే ముందు అది ఎలాంటి చోట తయారైందో తెలుసుకుంటే చెవి దేనికోసం వెతకాలో తెలుస్తుంది. 1971 డిసెంబరులో స్విట్జర్లాండులోని మాంట్రూ పట్టణపు కాసినోలో రికార్డింగు చేసుకోవాలని, రోలింగ్ స్టోన్స్ వారి సంచార స్టూడియో లారీని అద్దెకు తీసుకుని ఈ ఐదుగురూ అక్కడికి వెళ్లారు. డిసెంబరు 4న అమెరికా రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా కచేరీ జరుగుతుండగా ప్రేక్షకుల్లో ఎవరో పేల్చిన ఫ్లేర్ గన్ (మండే సంకేతపు నిప్పును చిమ్మే తుపాకీ) వల్ల ఆ కాసినో కాలిపోయింది, పొగ జెనీవా సరస్సు మీద పరుచుకుంది. ఆ తరువాత చేరిన ఒక థియేటరులో ఒక్క పాటకు వాద్యాలు వాయించేసరికి చుట్టుపక్కల వారి ఫిర్యాదు మీద పోలీసులు వచ్చారు. చివరికి చలికాలానికి మూసి ఉన్న గ్రాండ్ హోటల్ నడవాలో, గోడలకు పరుపులు ఆనించి, మిగిలిన పని పూర్తి చేశారు. వాయించింది వినాలంటే గదులూ బాల్కనీలూ దాటుకుంటూ బయట ఉన్న లారీ దాకా నడవాలి కాబట్టి, కొన్నాళ్లకు వాళ్లు వెళ్లి వినడమే మానేశారట. ఒకరినొకరు చూసుకుంటూ, ఒకరి వాద్యానికి మరొకరు వెంటనే బదులిచ్చే ఆ పద్ధతి ఆల్బమ్ అంతటా వినిపించడానికి ఇది ఒక కారణమని నా నమ్మకం.

రెండోసారి వినేటప్పుడు జాన్ లార్డ్ వాయించే హామండ్ ఆర్గన్ అనే కీబోర్డు వాద్యం ఒక్కదాన్నే అనుసరించు. ఆయన దాన్ని గిటారుకు వాడే మార్షల్ ఆంప్లిఫయర్ గుండా పంపించేవాడు, కాబట్టి చాలాచోట్ల నువ్వు గిటారు అనుకునేది నిజానికి ఆర్గన్. మూడోసారి ఇయాన్ పెయిస్ డ్రమ్స్ వెంట వెళ్లు. ‘పిక్చర్స్ ఆఫ్ హోమ్’లో రోజర్ గ్లోవర్ బాస్ ఒంటరిగా ముందుకు వచ్చే చోటు వదులుకోకు, ఆ పాట ముగిసినట్లే అనిపించి మళ్లీ లేస్తుంది, అప్పుడే ఆపేయకు. ‘లేజీ’లో ఇయాన్ గిలన్ గొంతు సగం దాటిన తరువాత గాని రాదు, ఆలాపన తీరికగా సాగి కృతి అందుకున్నంత నిండుగా ఉంటుంది. ‘నెవర్ బిఫోర్’ అన్నిటిలోకీ బలహీనమైనదని నా అభిప్రాయం, అయినా బృందం మొదటి సింగిల్‌గా, అంటే విడిగా విడుదల చేసే పాటగా, ఎంచుకున్నది దాన్నే.

నీకు నచ్చిన పాటను తక్కువ చేయమని నేను చెప్పడం లేదు. గిటారు దుకాణాల్లో, క్లాసుల్లో అరిగిపోయిందని దాన్ని చిన్నచూపు చూసే శ్రోతలు చాలామంది ఉన్నారు, వారిది అన్యాయం. ఆ పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటారు పలుకులో, అంటే రిఫ్‌లో, ఉన్నవి నాలుగే స్వరాలు. నువ్వు చిన్నప్పుడు నేర్చుకున్న సంగీతం భాషలో చెప్పాలంటే షడ్జం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, వాటి నడుమ ఒక్కసారి మెరిసే ప్రతి మధ్యమం. షడ్జానికి మంద్ర పంచమం తోడైనట్లు, ప్రతి స్వరానికీ కింద అదే దూరంలో మరొకటి పలుకుతుంది. బృందం గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్ దాన్ని పిక్‌తో గీయకుండా రెండు తీగలనూ వేళ్లతో ఒకేసారి మీటుతాడు, నువ్వూ అలాగే వాయించి చూడు. ఆ పాట సింగిల్‌గా అమెరికాలో నాలుగో స్థానానికి చేరింది 1973లో, ఆల్బమ్ వచ్చిన ఏడాది తరువాత.

ఇక అభిమానుల వాదాలు నీ చెవిన పడతాయి. 1970 నాటి ‘ఇన్ రాక్’ దీనికన్నా గొప్పదనేవారు ఉన్నారు. 1972 ఆగస్టులో ఒసాకా, టోక్యో కచేరీల్లో రికార్డు చేసిన ‘మేడ్ ఇన్ జపాన్’ విన్నాక ఈ స్టూడియో రూపాలతో పనేముందని అడిగేవారు ఇంకా ఎక్కువ. అక్కడ ‘స్పేస్ ట్రకిన్’ 20 నిమిషాల దాకా విస్తరిస్తుంది, ఇక్కడ ఐదు నిమిషాలు కూడా ఉండదు. నేను కచేరీ రూపాన్ని ఎంతో ప్రేమిస్తాను, కానీ ముందు ఇదే విను, ఎందుకంటే మూలం తెలిసినవాడికే ఆ విస్తరణలోని సాహసం అర్థమవుతుంది. ఆల్బమ్‌లో చేర్చకుండా ‘నెవర్ బిఫోర్’ సింగిల్ వెనుకవైపు వేసిన ‘వెన్ ఎ బ్లైండ్ మ్యాన్ క్రైస్’ను మాత్రం వేరే రోజుకు దాచుకో.

మెషిన్ హెడ్ అంటే గిటారు తీగలను బిగించే మర, మన వీణకు బిరడాల వంటిది. పండక్కి వచ్చేటప్పుడు నీ గిటారు తీసుకురా. మొదటి వైపు ఇద్దరం మాట్లాడకుండా విని, రికార్డు తిప్పే ముందు నీ మనసులో ఏ పాట మిగిలిందో చెప్పు.

మీ మామయ్య