తెల్ల క్వార్ట్జ్ గట్టు కోసం అప్పు చేయాలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. నేను ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడిని. నెలకు 46,000 రూపాయలు చేతికి వస్తాయి. ఇంటి ఖర్చు 28,000, ఇంటి అప్పు వాయిదా 9,000. పొదుపు అంటే 1,80,000 రూపాయల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఒక్కటే. వంటింట్లో పాత కడప బండ గట్టు సింకు దగ్గర పగిలింది. బరంపురంలోని ఒక దుకాణం వారు తెల్ల క్వార్ట్జ్ గట్టు, కింద పెట్టెలు, పైన అలమరలు కలిపి 1,90,000కు చేస్తామంటున్నారు. డీఏ బకాయిగా వచ్చిన 40,000 ముందు కడితే, మిగతా 1,50,000కు 14 శాతం వడ్డీతో మూడేళ్ల అప్పు ఇప్పిస్తారట. మా ఇంటావిడకు తెల్లరాయి నచ్చింది. ఆంధ్రాలోని టెక్కలి నుంచి గ్రానైట్ తెచ్చుకుందామంటే, రాష్ట్రం దాటినందుకు మళ్లీ పన్ను పడుతుందేమోనని సందేహం. పాప వచ్చే జూన్‌లో కాలేజీలో చేరాలి. ఏం చేయమంటారు?

జవాబు: మీరు రాయి గురించి అడిగారు గానీ, మీ ముందున్న 1,90,000 రూపాయల లెక్కలో రాయి వాటా చాలా చిన్నది. ముందు దాన్ని విడదీసి చూద్దాం. మీరు పంపిన కొలతల ప్రకారం గట్టు పొడవు 14 అడుగులు, వెడల్పు 2 అడుగులు, అంటే 28 చదరపు అడుగులు. మూల మలుపులో, సింకు కోతలో పోయే ముక్కలతో కలిపి 34 చదరపు అడుగులకు బిల్లు వేస్తారనుకుందాం. మీకు చెప్పిన ధరల్లో గ్రానైట్ చదరపు అడుగు 190, క్వార్ట్జ్ 620. రెండింటిపైనా జీఎస్టీ 18 శాతమే కాబట్టి గ్రానైట్ 7,623 రూపాయలకు, క్వార్ట్జ్ 24,874 రూపాయలకు వస్తాయి. తేడా సుమారు 17,250. ఇక అప్పు సంగతి చూస్తే, 1,50,000కు 14 శాతం చొప్పున 36 నెలల వాయిదా దాదాపు 5,127 రూపాయలు, మూడేళ్లలో మీరు కట్టే వడ్డీ 34,500 పైచిలుకు. ఏ రాయి వేయించాలని ఇంట్లో ఇన్నాళ్లుగా తర్జనభర్జన పడుతున్నారో, ఆ రెండు రాళ్ల మధ్య తేడాకు ఇది సరిగ్గా రెట్టింపు.

అందుకే నా సలహా ఇది: గట్టు ఇప్పుడే వేయించండి, పెట్టెలూ అలమరలూ తరువాత చేయించండి, అప్పు మాత్రం వద్దు. గట్టు మార్చాలంటే సింకు ఊడదీయాలి, గోడ పలకలు పగలగొట్టాలి, గొట్టాలు కదపాలి. ఆ పని రెండుసార్లు చేయించుకోవడం శుద్ధ దండగ. పెట్టెలు అలా కాదు, గట్టు కింద ఖాళీలోకి ఎప్పుడైనా చేరతాయి. మీ చేతిలో ఉన్న 40,000లో రాయి, కోత కూలి, అంచు పాలిష్, స్టీలు సింకు, కొత్త గొట్టాలు, మేస్త్రీ కూలి అన్నీ సర్దుకోవచ్చు. వాయిదా కట్టాల్సిన ఆ 5,000నే నెలనెలా రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే, 6.5 శాతం వడ్డీకి ఏడాదిలో 62,000 చేతికి వస్తుంది, మీ ఊరి వడ్రంగితోనే పెట్టెలు చేయించుకోవచ్చు. జూన్‌లో పాప ఫీజుకు అవసరం పడితే ఆ డిపాజిట్ మధ్యలో ఆపేయవచ్చు, అప్పు వాయిదాను ఆపలేరు. ఫిక్స్‌డ్ డిపాజిట్ జోలికి కూడా వెళ్లకండి. నెలకు 37,000 తప్పనిసరి ఖర్చున్న ఇంటికి 1,80,000 అంటే ఐదు నెలలకైనా నిండుగా చాలదు.

ఇక రాయి. ధర పక్కన పెట్టినా మీ వంటింటికి నేను గ్రానైటే చెబుతాను. క్వార్ట్జ్ పలక అంటే తొంభై శాతానికి పైగా క్వార్ట్జ్ పొడిని రెసిన్‌తో కలిపి అదిమినది. మరకలు పట్టదు, చూడ ముచ్చటగా ఉంటుంది, కాని 150 డిగ్రీల వేడి దగ్గర ఆ రెసిన్ రంగు మారుతుంది, ఒక్కోసారి పగులుతుంది. బజ్జీలు వేసిన మూకుడులో నూనె 180 డిగ్రీలు ఉంటుంది. పొయ్యి మీది నుంచి దించిన మూకుడును పండగనాటి హడావుడిలో ఎవరు చూసి పెడతారు? మీ పాత కడప బండ సున్నపురాయి. చింతపండు పిసికే చోట నలుపు పోయి తెల్లగా మచ్చ కట్టిందని రాశారు, అది పులుపు చేసిన పని. పాలరాయికీ అదే గతి పడుతుంది. గ్రానైట్‌కు ఆ బాధ లేదు.

తెలుపు మీద మీ శ్రీమతి గారి ఇష్టాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు, రోజూ ఆ గట్టు ముందు నిలబడేది ఆవిడే. గట్టు పైన గోడకు తెల్ల టైల్స్ వేయించి, గట్టుకు టెక్కలి ప్రాంతంలో దొరికే నీలి బూడిద రంగు శ్రీకాకుళం బ్లూ రాయి పెడితే వంటిల్లు వెలుతురుగానే ఉంటుంది. ఇద్దరూ కలిసి నౌపడ రైల్లో వెళ్లి టెక్కలిలో దిగి పలకను ఎండలో నిలబెట్టించి చూడండి. నాణెంతో తడితే ఖంగున మోగాలి. మోత బొంగురుగా ఉంటే లోపల చీలిక ఉన్నట్టే. నల్లరాయి మీద మనసు పోతే థిన్నర్‌లో తడిపిన తెల్లగుడ్డతో రుద్దండి, గుడ్డకు నలుపు అంటితే అది రంగు వేసిన రాయి.

రెండోసారి పన్ను పడుతుందన్న భయం వద్దు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక సరిహద్దు ప్రవేశ పన్ను లేదు; పాతపట్నం దాటినా అదే 18 శాతం, ఒక్కసారే. 2025 సెప్టెంబర్ 22 నుంచి గ్రానైట్ దిమ్మలపై పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది గాని, పాలిష్ పలకకు ఆ తగ్గింపు లేదు. బిల్లు లేకుండా ఇస్తాం, పన్ను మిగులుతుంది అంటే ఒప్పుకోకండి, పలక దారిలో విరిగితే అడిగే ఆధారం ఆ బిల్లే. సరుకు విలువ 50,000 లోపే కాబట్టి సరుకు రవాణాకు తీసుకునే ఈ-వే బిల్లు అక్కర్లేదు.

సింకు కోత, పొయ్యి కోత టెక్కలిలోనే నీళ్లు పోస్తూ కోయించండి. పొడిగా కోస్తే లేచే రాతి దుమ్ము కోసేవాడి ఊపిరితిత్తులను తినేస్తుంది. ఈ కారణంతోనే ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి క్వార్ట్జ్ పలకలను నిషేధించింది. సింకు ముందే కొని, దాన్ని కూడా వెంట తీసుకెళ్లండి. కాగితం మీది కొలతకు కోసిన కన్నం అర అంగుళం తప్పినా పలక మొత్తం మార్చాల్సి వస్తుంది.