లోడు పెట్టకుండానే మాస్‌ఫెట్లు కాలుతున్నాయి, ఎందుకు?

ప్రశ్న: 48 వోల్టుల నుంచి 960 వోల్టులు తీయడానికి ఈటీడీ39 ఫెర్రైట్ కోరు మీద ట్రాన్స్‌ఫార్మర్ చుట్టాను. ప్రైమరీ 20 చుట్లు. సెకండరీ 36 గేజి తీగతో 400 చుట్లు, లేయరుకు 100 చొప్పున 4 లేయర్లు. ఫుల్ బ్రిడ్జితో, అంటే ప్రైమరీ మీద వోల్టేజీని ఇటూ అటూ తిప్పే నాలుగు మాస్‌ఫెట్ స్విచ్చులతో, 100 కిలోహెర్ట్జ్‌లో నడిపితే లోడు పెట్టకముందే మాస్‌ఫెట్లు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతున్నాయి. వైండింగ్ కెపాసిటెన్స్ లెక్కేస్తే 1 పికోఫారడ్ కూడా రాలేదు. పక్కపక్క చుట్ల మధ్య ఉన్నవాటిని 399 కెపాసిటర్లుగా సిరీస్‌లో తీసుకున్నాను. తప్పెక్కడుంది సార్? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: తప్పు ఆ 399 దగ్గరే ఉంది. బాలానగర్‌లో వైండింగ్ షెడ్డు పెట్టిన కొత్తలో నేనూ ఇదే లెక్క వేసుకుని ధైర్యంగా పడుకున్నాను.

మీ సెకండరీలో పక్కపక్క చుట్ల మధ్య తేడా ఎంత? 960ని 400తో భాగిస్తే 2.4 వోల్టులు. దాన్ని వదిలేయండి. ఇప్పుడు బాబిన్‌ని, అంటే తీగ చుట్టే కండెని, అడ్డంగా కోసినట్టు ఊహించుకోండి. అరకతో సాళ్లు దున్నినట్టు మొదటి లేయరు ఎడమ నుంచి కుడికి వెళ్లింది, రెండోది అక్కడే మలుపు తిరిగి వెనక్కి వచ్చింది. కుడి కొసన రెండు లేయర్ల మధ్య తేడా దాదాపు సున్నా. ఎడమ కొసన మాత్రం మొదటి చుట్టు మీద 200వ చుట్టు కూర్చుంది. అక్కడ తేడా 480 వోల్టులు. చుట్టుకీ చుట్టుకీ ఉన్న తేడాకి ఇది 200 రెట్లు. శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి కెపాసిటెన్స్ అసలు కాపురం లేయర్ల మధ్యనే.

లెక్క ఇలా వేయండి. ఎదురెదురు లేయర్లు రెండూ రెండు రేకులు అనుకోండి. ఈటీడీ39లో చుట్టు సగటు పొడవు సుమారు 70 మిల్లీమీటర్లు, వెడల్పు 25. మధ్యలో టేపు, ఎనామెల్ కలిపి 0.1 మిల్లీమీటరు, డైఎలక్ట్రిక్ స్థిరాంకం 3 అనుకుంటే సుమారు 465 పికోఫారడ్లు వస్తుంది. అయితే రేకుల మధ్య వోల్టేజీ అంతటా ఒకటి కాదు, సున్నా నుంచి 480 దాకా వాలుగా పెరుగుతుంది. దాని వర్గానికి సగటు తీస్తే 480 వర్గంలో మూడో వంతు. 480 అనేది మొత్తం 960లో సగం, వర్గం చేస్తే నాలుగో వంతు. అంటే ఒక్కో జంటకి 465లో పన్నెండో వంతు. మీకు మూడు జంటలు, మొత్తం 116 పికోఫారడ్లు.

ఇంతేనా అంటారేమో. ప్రైమరీ వైపు నుంచి చూస్తే ఇది చుట్ల నిష్పత్తి వర్గంతో, అంటే 400తో గుణించి కనిపిస్తుంది. 46 నానోఫారడ్లు దాటింది! ఆ కెపాసిటర్‌ని మీ బ్రిడ్జి సెకనుకు 2 లక్షల సార్లు ఇటు 48 నుంచి అటు 48కి తిప్పుతోంది. ఊరికే 43 వాట్ల దాకా కాలిపోతుంది. మీ మాస్‌ఫెట్ల గోల అదీ.

నా మాట నమ్మక్కర్లేదు, కొలిచి చూడండి. కోరుకి గ్యాప్ లేకపోతే సెకండరీ ఇండక్టెన్స్ 430 మిల్లీహెన్రీల దరిదాపుల్లో ఉండాలి. ఫంక్షన్ జనరేటర్‌కి 1 మెగాఓమ్ సిరీస్‌లో పెట్టి, ప్రైమరీని వదిలేసి, సెకండరీ మీద స్కోపు పెట్టి ఫ్రీక్వెన్సీ మెల్లగా పెంచండి. ఇండక్టెన్స్, కెపాసిటెన్స్ కలిసి రెజొనెన్స్ అయ్యే చోట వోల్టేజీ శిఖరానికి చేరుతుంది. 21 కిలోహెర్ట్జ్ దగ్గర ఆ శిఖరం కనిపిస్తే మొత్తం కెపాసిటెన్స్ 134 పికోఫారడ్లన్నమాట. అందులో మీ ప్రోబుది ఓ 12 ఉంటుంది, తీసేయండి. ఈ తీసివేత మర్చిపోయి నేనొకసారి రెండు రోజులు తల పట్టుకున్నాను.

మందు ఏమిటంటే, ప్రతి లేయరునీ ఎడమ నుంచే మొదలుపెడితే కెపాసిటెన్స్ 87కి దిగుతుంది. కానీ తీగని ప్రతిసారీ వెనక్కి లాక్కురావాలి, దాని కింద ఇన్సులేషన్ వేయాలి. పావు వంతు లాభానికి ఇంత చాకిరీ నాకైతే నచ్చదు. అంతకంటే గదుల బాబిన్ తీసుకోండి. పాత టీవీల్లో పిక్చర్ ట్యూబుకి హై వోల్టేజీ ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్లు (ఎల్‌ఓటీలు) కొన్నిటిలో చూసే ఉంటారు. వెడల్పుని మూడు గదులు చేసి, ఒక గది పూర్తిగా నింపాకే రెండో దానికి వెళ్లండి. వెడల్పు మూడో వంతు, పైగా మూడూ సిరీస్‌లో, కాబట్టి 116 కాస్తా తొమ్మిదో వంతుకి, అంటే 13కి వస్తుంది. గోడల మందం చోటు తింటుంది, గదుల మధ్య కొంచెం కలుస్తుంది, లీకేజీ ఇండక్టెన్స్ కూడా పెరగొచ్చు. అయినా మీ పనికి ఇదే మేలు.

సిమ్యులేషన్‌లో సెకండరీకి అడ్డంగా ఒక కెపాసిటర్ పెడితే ఈ వేడి సంగతి తేలిపోతుంది. నాయిస్ చూడాలంటే మాత్రం ప్రైమరీకీ సెకండరీకీ మధ్య ఇంకోటి కావాలి. ఒక్కో వైండింగ్ కొసలు రెండూ కలిపేసి, రెండింటి మధ్య ఎల్‌సీఆర్ మీటరు (ఇండక్టెన్స్, కెపాసిటెన్స్, రెసిస్టెన్స్ కొలిచేది) పెడితే దాని విలువ తెలుస్తుంది.

ఇంకొకటి. వార్నిష్‌లో ముంచకముందు ఒకసారి, ఆరాక ఒకసారి కొలవండి. తీగల సందుల్లో గాలి ఉన్న చోటికి వార్నిష్ చేరితే కెపాసిటెన్స్ పెరుగుతుంది. ముంచకముందు మాత్రమే కొలిచి పంపిన 60 ట్రాన్స్‌ఫార్మర్లు నాకు ఆటోలో వాపసు వచ్చాయి. కిరాయి కూడా నేనే ఇచ్చుకున్నాను.