నీళ్ల రంగులు వదిలి టాబ్లెట్ పట్టుకుంటే చెయ్యి పాడవుతుందా?

ఎన్నో ఏళ్లుగా నీళ్ల రంగులు వేస్తున్నాననీ, ఇప్పుడు కంప్యూటర్‌లో పెన్నుతో బొమ్మలు వేసే డ్రాయింగ్ టాబ్లెట్ కొంటే చేతిలో ఉన్న పనితనం పోతుందేమోననీ అడిగారు. పోదండీ. కాకపోతే మొదటి ఆరు నెలలు పోయిందనే అనిపిస్తుంది.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా మావయ్య బోర్డులు రాసేవారు. సున్నం కొట్టిన గోడ మీద సుద్దపొడి పూసిన దారం లాగి కొడితే తిన్నగా గీత పడేది. ఆ గీతల మధ్య అక్షరాలు. "వేళ్లతో కాదురా, భుజంతో రాయి" అని నన్ను కసిరేవారు. అప్పుడా మాట బుర్రకెక్కలేదు. టాబ్లెట్ కొన్నాకే ఎక్కింది.

నేను కొన్నది స్క్రీన్ లేని చిన్న పలక, దాని మీద గీస్తే గీత కంప్యూటర్ స్క్రీన్ మీద పడుతుంది. దాని మీద చెయ్యి ఆరంగుళాలు కదిలిందంటే స్క్రీన్ మీద గీత ఈ చివర నుంచి ఆ చివరికి పోతుంది. అంత ఇరుకులో భుజానికి పనేముంటుంది? మణికట్టే తిరుగుతుంది. కొబ్బరి చెట్టు గీస్తే మానంతా వంకర్లే. గీతను సాఫీ చేసే స్టెబిలైజర్ ఒకటుంటుంది కదా, దాన్ని ఆన్ చేసుకుని నెల్లాళ్లు నన్ను నేనే మోసం చేసుకున్నాను. తర్వాత అది తీసేసి, రోజూ రాత్రి అ నుంచి బండి ఱ దాకా స్క్రీన్ నిండేంత పెద్దగా రాశాను. మన అక్షరాలన్నీ వంపులే కాబట్టి చెయ్యి కుదురుకుంది. మీరు మాత్రం మీడియం సైజు టాబ్లెట్టే కొనండి.

రెండో చిక్కు తెలుపుతో. నీళ్ల రంగుల్లో తెలుపంటే కాగితమే. పడవ తెరచాప మీద వెలుగు ఎక్కడ పడుతుందో ముందే అనుకుని ఆ చోటు వదిలేస్తాం, లేత నుంచి ముదురుకి వెళ్తాం. టాబ్లెట్‌లో తెలుపు ఎప్పుడంటే అప్పుడు పెట్టొచ్చు, తప్పయితే అన్‌డూ. ఆ సుఖానికి అలవాటుపడి ముందు ఆలోచించడం మానేశాను, బొమ్మలు చప్పబడ్డాయి. దానికి మల్టిప్లై లేయర్ పనికొచ్చింది. లేయర్ అంటే బొమ్మ మీద పరిచే పల్చటి పొర లాంటిది, మల్టిప్లై దానికో సెట్టింగు. అందులో కింది రంగు కనబడుతూనే ముదురుతుంది తప్ప లేతబడదు, అచ్చం నీళ్ల రంగుల్లో వాష్ (పల్చటి రంగు పూత) మీద వాష్ వేసినట్టే. కొన్నాళ్లు తెలుపు వాడకుండా దాంతోనే వెయ్యండి.

టాబ్లెట్‌లో నాకు ఇప్పటికీ దొరకనిది గోదారి ఎర్రనీరు. కాగితం మీదైతే ఎల్లో ఓకర్, బర్న్ట్ సియెనా కలిపి చిటికెడు అల్ట్రామెరీన్ వేస్తాను. ఆ నీలం పొడి గరుకు కాగితం గుంటల్లో దిగి, ఆరాక నిజంగా ఒండ్రు పేరుకున్నట్టే ఉంటుంది. తెర మీద అదే రంగు నున్నగా, టీలా కనిపిస్తుంది. అందుకని కాగితం మీద వేసిన వాష్‌ను స్కాన్ చేసి, బొమ్మ మీద లేయర్‌గా పరుస్తాను. దొంగతనమే అనుకోండి, నా సొమ్మే కదా!

ప్రింటు సంగతి కూడా చెప్పాలి. ఒక సంక్రాంతికి జగ్గన్నతోట ప్రభల తీర్థం ఫ్లెక్స్ కోసం బొమ్మ వేశాను. వరిచేల మీదుగా ప్రభ వస్తున్నట్టు, చేను మెరిసే లేతాకుపచ్చ. ఫ్లెక్స్ మీద అది ముదురు గోంగూరలా వచ్చింది. షాపు వాళ్ల తప్పేం లేదు. స్క్రీన్ వెలుగుతో చూపించే ఆ పచ్చదనం ప్రింటు సిరాలకు అందదు. ప్రింటుకు వెళ్లే బొమ్మైతే సీఎంవైకేలో, అంటే ప్రింటు సిరాల నాలుగు రంగుల పద్ధతిలో చూసుకుంటూ వెయ్యండి. ఏ4 సైజుకు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) అంటే 2480 × 3508 పిక్సెల్స్, అంతకు తగ్గనివ్వకండి.

వీలైతే రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళ్లి రండి. ఆయన 1897లో పుట్టి 1925లోనే పోయారు, నిండా 28 ఏళ్లు కూడా లేవు. ఫోన్‌లో చూస్తే బొమ్మలన్నీ ఒకే సైజు, ఒకటే మెరుపు. ఎదురుగా నిలబడితే కుంచె ఎక్కడ నొక్కారో, ఎక్కడ తేల్చారో తెలుస్తుంది. నేను వెళ్లొచ్చినప్పుడల్లా వారం పాటు టాబ్లెట్ ముట్టబుద్ధి కాదు.

ప్రస్తుతం నా పద్ధతి ఇదీ: శ్రావణ భాద్రపదాల్లో మా ఇంట్లో వాష్ ఒక పట్టాన ఆరదు, కాగితాలకు బూజు కూడా పడుతుంది, కాబట్టి అప్పుడు టాబ్లెట్. కార్తీకం వెళ్లాక కాగితం, కుంచెలతో కాలవ గట్టు మీదికి. టాబ్లెట్‌లో వెయ్యడానికి క్రీటా అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, వేరే ఏదీ కొనక్కర్లేదు.