పాకాల స్టేషన్ నమూనా కడుతున్న విద్యార్థులకు

చిరంజీవులైన విద్యార్థులకు ఆశీస్సులు.

మీరు పన్నెండు మంది కలిసి పాకాల జంక్షన్‌కు కంప్యూటర్‌లో త్రీడీ నమూనా తయారు చేయబోతున్నారని, పట్టాలు కొందరికి, ప్లాట్‌ఫాం కొందరికి, భవనం, షెడ్లు మరికొందరికి అని పని పంచుకున్నారని మీ ఉత్తరం వల్ల తెలిసింది. తిరుపతి స్టేషన్‌ను వదిలి పాకాలను ఎంచుకోవడం నాకు నచ్చింది. పునర్నిర్మాణం జరుగుతున్న స్టేషన్‌ను కొలిచినవాడు ఇల్లు చేరేలోపే కొలత పాతబడిపోతుంది. అయితే పని పంచుకోవడంలో మీరు కొంత తొందరపడ్డారని నా అభిప్రాయం. ఎవరి భాగాన్ని వారు చక్కగానే గీస్తారు, అందులో నాకు సందేహం లేదు. రెండు భాగాలు కలిసే చోట ఎవరి కొలత చెల్లుతుందో మాత్రం మీరు ఇంకా తేల్చుకోలేదు.

నేను నక్షాలు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరిన తొలి రోజుల్లో ఒక చిన్న స్టేషన్‌కు షెడ్డు నేను గీశాను, ప్లాట్‌ఫాం నా పక్క బల్ల సహోద్యోగి గీశాడు. ఆయన ఎత్తులన్నీ పట్టా తల నుంచి, అంటే చక్రం నడిచే పై అంచు నుంచి లెక్కించాడు. నేను ప్లాట్‌ఫాం నేల నుంచి లెక్కించాను. విడివిడిగా చూస్తే ఇద్దరి అంకెలూ సరైనవే. పారదర్శక కాగితం మీద గీసిన మా రెండు ట్రేసింగులనూ ఒకదానిపై ఒకటి పరిచినప్పుడు నా స్తంభాల పాదాలు ఆయన ప్లాట్‌ఫాంలోకి దాదాపు 80 సెంటీమీటర్లు కూరుకుపోయి కనిపించాయి. మా పెద్దాయన ఒక్క మాట కూడా అనకుండా బ్లేడు ముక్క నా చేతికిచ్చి వెళ్లిపోయారు. ట్రేసింగ్ కాగితం మీద సిరా గీతను తుడవాలంటే బ్లేడుతో గీకడమే ఆనాటి పద్ధతి.

కాబట్టి మొదటి గీత గీయకముందే అందరికీ ఒకే సున్నా ఉండాలి. నా సలహా ఏమిటంటే, స్టేషన్ భవనం పునాది గట్టు మూలల్లో ఒకదాన్ని ఎంచుకొని పొడవు, వెడల్పు కొలతలకు దాన్ని సున్నా చేయండి. ఎత్తుకు మాత్రం ఆ మూలకు ఎదురుగా ఉన్న పట్టా తలను సున్నా చేయండి. ప్రయాణికుల కోసం కట్టే ఎత్తయిన (హై లెవల్) ప్లాట్‌ఫాం పట్టా తల కంటే 760 నుంచి 840 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది కాబట్టి, మీ ప్లాట్‌ఫాం అంచు ఈ హద్దులు దాటితే టేపును గాక మీ లెక్కను ముందు అనుమానించండి. నేల చదునుగా కనిపించినా వాననీరు పోయేందుకు వాలు ఉంటుంది. షెడ్డు బృందం ప్రతి స్తంభం పాదాన్నీ విడిగా కొలవాలి.

మీలో ఒకరు ఉపగ్రహ పటంలోని అక్షాంశ రేఖాంశాలను మీటర్లలోకి మార్చి నేరుగా త్రీడీ నమూనాలు చేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లో పెడదామన్నారట. ఆ పని చేయవద్దు. భూమధ్యరేఖ నుంచి మన ప్రాంతం దాదాపు 15 లక్షల మీటర్ల దూరంలో ఉంది. బ్లెండర్ బిందువుల స్థానాలను 32 బిట్ల సంఖ్యలుగా దాచుకుంటుంది. అంత పెద్ద అంకె దగ్గర అది గుర్తుపట్టగల అతి చిన్న తేడా 12.5 సెంటీమీటర్లు. పట్టా తల వెడల్పే సుమారు 7 సెంటీమీటర్లు. పట్టా గీసినవారికి అది రంపపు పళ్లలా కనిపిస్తే తప్పు వారిది కాదు.

ఇక హద్దులు. ప్లాట్‌ఫాం అంచు రాయి ప్లాట్‌ఫాం బృందానిది అనిపిస్తుంది గానీ, దాన్ని పట్టాల బృందానికే అప్పగించండి. తిన్నని లైనులో ఆ అంచు ట్రాక్ మధ్య రేఖ నుంచి 1670 నుంచి 1680 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి కాబట్టి, పట్టా కదిలితే అంచూ కదలాలి. స్తంభం పాదం షెడ్డు బృందానిది, దాని చుట్టూ ఉన్న నేల ప్లాట్‌ఫాం వారిది. ఇలాంటి ప్రతి అతుకుకూ ఒక యజమాని పేరు రాసిపెట్టుకోండి. అతుకు మార్చాలనుకున్న రెండో బృందం యజమానిని అడిగి మార్పించుకోవాలే తప్ప తానే సర్దకూడదు.

కొలతలకు వెళ్లేముందు కళాశాల ద్వారా గుంతకల్లు డివిజన్ కార్యాలయానికి రాసి అనుమతి తెచ్చుకోండి. ఎవరూ పట్టాల మీదికి దిగవద్దు. అది 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం, అంతకుమించి ప్రాణాపాయం. పైన తీగలో 25,000 వోల్టుల కరెంటు ఉంటుంది కాబట్టి స్టీలు టేపునో పొడవాటి కర్రనో పైకెత్తే ఆలోచన కూడా వద్దు. దిగకుండానే కొలిచే ఉపాయం ఒకటుంది. మెయిన్ లైనులో సాధారణంగా కిలోమీటరుకు 1660 స్లీపర్లు (పట్టాల కింద అడ్డంగా పరిచే దిమ్మెలు) వేస్తారు, అంటే మధ్య నుంచి మధ్యకు సుమారు 60 సెంటీమీటర్లు. ప్లాట్‌ఫాం మీద 30 మీటర్లు టేపుతో కొలిచి, ఆ మేరకు ఎదురుగా ఎన్ని స్లీపర్లు వచ్చాయో లెక్కపెట్టండి. యాభైకి అటూ ఇటూ వస్తే మిగతా దూరాన్ని స్లీపర్ల లెక్కతోనే తేల్చవచ్చు. మెయిన్ లైను నుంచి చీలి మళ్లీ దానిలోనే కలిసే లూప్ లైన్లలో స్లీపర్లు మరికొంత ఎడంగా ఉంటాయి కాబట్టి అక్కడ ఈ లెక్క మళ్లీ మొదలుపెట్టాలి. బ్రాడ్‌గేజ్‌లో పట్టాల లోపలి అంచుల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. ఫొటోలో పట్టాలు కనిపిస్తే చాలు, ఆ చుట్టుపక్కల వస్తువులకు స్కేలు దొరికినట్టే. లేజర్ మీటరు తెస్తే పొద్దున్నే వెళ్లండి, పాకాల ఎండలో దాని ఎర్ర చుక్క కంటికి ఆనదు.

ఫైళ్ల విషయం క్లుప్తంగా చెబుతాను, నాకంటే మీకే బాగా తెలుసు. ఒకే బ్లెండర్ ఫైలులో ఇద్దరు చేసిన మార్పులను తర్వాత కలపడం సాధ్యం కాదు కాబట్టి, ఒక్కో బృందానికి ఒక్కో ఫైలు ఉండాలి. అన్నింటినీ కలిపే ఫైలులోకి భాగాలను అపెండ్ చేయకుండా లింక్ చేయండి, అంటే అసలు ఫైలుకే ముడిపెట్టండి. అపెండ్ చేస్తే ఆ రోజు నకలు మాత్రమే వస్తుంది, అసలు ఫైలులో జరిగే సవరణలు తర్వాత అందవు.

పేరు బోర్డుకు కంప్యూటర్ అక్షరాలు వాడవద్దని నా మనవి. పసుపు మీద నల్ల రంగుతో పెయింటర్ రాసిన ‘పాకాల’లో రెండు ‘ా’లూ ఒకేలా ఉండవు. ఎదురుగా నిలబడి తిన్నగా ఫొటో తీసి, దాని మీదే గీత లాగండి. కింద రాసి ఉండే సముద్ర మట్టపు ఎత్తును మీ సున్నాతో కలపబోకండి, అది కేవలం బోర్డు మీద అక్షరాలుగానే ఉండాలి.

ఏ తేదీ నాటి స్టేషన్‌ను చూపిస్తున్నారో కూడా నిర్ణయించుకోండి. ధర్మవరం లైను మీటర్‌గేజ్‌గా ఉన్న రోజుల ఫొటోలు మీ పెద్దవారి దగ్గర దొరకవచ్చు; వాటిలో పట్టాల ఎడం 1000 మిల్లీమీటర్లే. చూడముచ్చటగా ఉన్నాయని వాటిలోని వస్తువులను ఈ నమూనాలోకి తేవద్దు, కావాలంటే దానికి వేరే ఫైలు పెట్టండి.

పునాది గట్టు మూలను ఎంచుకున్న రోజున సుద్దతో చిన్న గుర్తు పెట్టి, ఆ మూల, ఎదురుగా ఉన్న పట్టా రెండూ ఒకే ఫొటోలో కనిపించేలా తీసి నాకు పంపండి. అది చూశాక అతుకుల పట్టిక గురించి మాట్లాడుకుందాం.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి,
విశ్రాంత డ్రాఫ్ట్స్‌మన్, తిరుపతి