స్టార్ క్యాచర్ లేకపోతే గెలవలేమా?

తమ్ముడూ, పర్లాకిమిడిలో మీ బేస్‌బాల్ టీమ్‌కి మంచి క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చుని పిచర్ విసిరే బంతిని పట్టేవాడు) లేడనీ, బరంపురం నుంచి డబ్బిచ్చి ఒకడిని తెచ్చుకోవాలా అనీ అడిగావు. వద్దు. 2022లో అమెరికా జట్టు హ్యూస్టన్ ఆస్ట్రోస్ అక్కడి పెద్ద బేస్‌బాల్ టైటిల్ వరల్డ్ సిరీస్ గెలిచిన సీజన్లో వాళ్ల ప్రధాన క్యాచర్ మార్టిన్ మాల్డొనాడో బ్యాటింగ్ సగటు .186 మాత్రమే, అంటే పదిసార్లు బ్యాటింగ్‌కి దిగితే రెండు హిట్లు కూడా లేవు. బస్టర్ పోసీ లాంటి స్టార్ క్యాచర్ ఉంటే మంచిదే, అతని జట్టు శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ 2010, 2012, 2014లో ఆ టైటిల్ గెలిచారు. కానీ అలాంటివాడు బరంపురంలో ఖాళీగా కూర్చుని ఉండడు కదా!

మీ ఊరి క్రికెట్ కీపర్‌నే క్యాచర్‌గా కూర్చోబెట్టు. ఒక్కటే చిక్కు. కీపర్‌కి ప్రతి బంతినీ చేత్తో పట్టాలనే ఉంటుంది. ఇక్కడ నేలకు తగిలి లేచే బంతికి మోకాళ్లు రెండూ కింద ఆనించి, గ్లవ్ కాళ్ల మధ్య పెట్టి, గడ్డం ఛాతీకి అదిమి ఒంటితో ఆపాలి. బంతి ముందు పడితే చాలు. మా క్యాచర్ మొదటి వారమంతా మొహం పక్కకు తిప్పేసేవాడు, నెలకి దారిలో పడ్డాడు. మాస్క్, ఛాతీ గార్డ్ లేకుండా మాత్రం దించకు.

రన్నర్ రెండో బేస్‌కి పరిగెత్తితే క్యాచర్ అక్కడికి బంతి విసరాలి. బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ నుంచి రెండో బేస్‌కి దూరం సుమారు 38.8 మీటర్లు. ఒక బౌన్స్‌తో వెళ్లినా ఫర్వాలేదు, నేరుగా వెళ్లాలి. ఆ డబ్బేదో పిచర్ ప్రాక్టీస్‌కి బంతులు కొనడానికి పెట్టు.