క్యాడ్ సందేహాలు: చిన్నరైలు గోడలు, ఊడిపోయే ఫిల్లెట్లు

ప్రశ్న: మా పాత నౌపడా–పర్లాకిమిడి చిన్నరైలు పెట్టెను ఫ్రీక్యాడ్ అనే కంప్యూటర్ డిజైన్ (క్యాడ్) సాఫ్ట్‌వేర్‌లో అసలు కొలతలతో గీసి, చివర 87వ వంతుకు కుదించి త్రీడీ ప్రింట్ తీశాను. గోడలకు చిల్లులు పడ్డాయి, కమ్మీలు అసలు రాలేదు. 2 మి.మీ. ఇరుసు దాని కన్నంలో దూరడం లేదు.
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: అన్నిటినీ ఒకే లెక్కన కుదిస్తే వచ్చే చిక్కే ఇది. 1900లో మొదలైన ఆ లైను గేజు (రెండు పట్టాల మధ్య దూరం) 762 మి.మీ. దాన్ని 87తో భాగిస్తే 8.76. బజార్లో నమూనా రైళ్లకు దొరికే ఎన్ గేజు పట్టాలు 9 మి.మీ. ఆ పావు మిల్లీమీటరు ఎవరి కంటికీ ఆనదు. చక్రాలను పట్టాలకే సరిపెట్టేయండి.

గోడలకు మాత్రం ఈ సర్దుబాటు చాలదు. అసలు గోడ 40 మి.మీ. అనుకుంటే నమూనాలో 0.46 అవుతుంది. ప్రింటరు మూతి, అంటే 0.4 మి.మీ. నాజిల్‌కు అది ఒక్క గీత పని, వేలు తగిలితే విరుగుతుంది. మందం 0.8 ఉంచండి, రెండు గీతలు పడతాయి. పెంచేది లోపలివైపే; బయటి కొలత కదిలితే పెట్టె రూపమే మారిపోతుంది. 25 మి.మీ. కమ్మీ 0.29కి దిగుతుంది. దానికి ప్రింటు మీద ఆశ వదిలేసి 0.3 ఇత్తడి తీగ తెచ్చుకోండి.

కాబట్టి మొదటినుంచీ నమూనా సైజులోనే గీయండి. ఫ్రీక్యాడ్ స్ప్రెడ్‌షీట్‌లో స్కేలుకు ఒక గడి, గోడ మందానికి ఇంకో గడి కేటాయించి, రెండింటికీ అలియాస్ పేర్లివ్వండి. స్కెచ్‌లో కొలత ఇచ్చేచోట ఎఫ్ఎక్స్ గుర్తు నొక్కి, అసలు కొలతను స్కేలుతో భాగించమని రాయండి. మందం గడిని మాత్రం భాగించకుండా నేరుగా వాడండి. రేపు 1:48కి మారాలన్నా ఒక్క అంకె దిద్దితే చాలు.

ఇక ఇరుసు కన్నం. ఎస్‌టీఎల్ అనే ప్రింటింగు ఫైలులో వలయం ఉండదు, చిన్న చిన్న సరళరేఖలే ఉంటాయి. కన్నం చుట్టూ ఆ రేఖలు లోపలికే పడతాయి. పైగా వంపు తిరిగేచోట కరిగిన ప్లాస్టిక్ కూడా లోపలికే లాగుతుంది. 2 అని గీస్తే 1.8 దగ్గర తేలవచ్చు. కన్నాన్ని క్యాడ్‌లో 2గానే ఉంచి, ప్రింటయ్యాక 2.1 డ్రిల్ బిట్టును చేత్తో తిప్పండి. పెద్దగా గీసి వదులు చేసుకోవడం కన్నా ఇదే మేలు.

ప్రశ్న: బ్రాకెట్ పొడవు 80 నుంచి 95కి మార్చగానే ఫిల్లెట్ (అంచును గుండ్రం చేసే వంపు) వేరే అంచుకు ఎగిరిపోయింది. ఇంకో ఫిల్లెట్ 3 మి.మీ. ఇస్తే తప్పు చూపిస్తోంది.
– డిప్లొమా విద్యార్థి, రాయగడ

జవాబు: ఇవి రెండు వేరువేరు జబ్బులు. మొదటిది నంబర్ల గొడవ. సాఫ్ట్‌వేర్ అంచులను వరుస నంబర్లతో గుర్తుపెట్టుకుంటుంది. పొడవు మారితే ఆకారాన్ని మళ్లీ లెక్కకడుతుంది, అప్పుడు నిన్నటి 14వ అంచు ఇవాళ 17వది కావచ్చు. 2024 నవంబరులో వచ్చిన ఫ్రీక్యాడ్ 1.0లో ఈ బాధ బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. పాత వెర్షన్ వాడుతుంటే ముందు అది మార్చండి. తర్వాతి స్కెచ్‌లను వస్తువు ముఖాల మీద గీయకుండా మూల తలాల మీదో, డేటమ్ ప్లేన్ (విడిగా పెట్టుకునే ఊహా తలం) మీదో పెట్టండి. స్కెచ్ పూర్తిగా బిగిసి పచ్చరంగు వచ్చేదాకా ప్యాడ్ (స్కెచ్‌కు మందం ఇచ్చే పని) జోలికి పోవద్దు. ఫిల్లెట్, చాంఫర్ (అంచును వాలుగా కోయడం) అన్నిటికన్నా చివర.

రెండోదానికి మీ ప్లేటు మందం చూడండి. 6 మి.మీ. ప్లేటుకు పైన 3, కింద 3 ఇస్తే మధ్యలో చదును సున్నా. అక్కడే లెక్క తెగుతుంది. 2.9 ఇచ్చి చూడండి.

ప్రశ్న: లేజర్ కటింగుకు డీఎక్స్ఎఫ్ (గీతల బొమ్మ ఫైలు) పంపితే ఏం జాగ్రత్తలు?
– గుణుపురం

జవాబు: ఫైలులో బొమ్మ పక్కనే 100 మి.మీ. గీత ఒకటి వేసి పంపండి. షాపు కంప్యూటరు అంగుళాలనుకుంటే అంతా 25.4 రెట్లు పెరుగుతుంది, ఆ గీత చూస్తే వెంటనే తెలిసిపోతుంది. కోత వెడల్పును ఎవరు సరిచేస్తారో ముందే అడగండి. మీరూ వాళ్లూ ఇద్దరూ సరిచేస్తే గాడి బిగుసుకుంటుంది. గమనికలు తెలుగులో రాస్తే ఒడియా మేస్త్రికి పనికిరావు. వ్యాసానికి ⌀ గుర్తు, మందానికి అంకె, ఎన్ని ముక్కలో అంకె, అంతే.