నల్ల గాజు గురించి రాస్తున్న కిన్వట్ అమ్మాయికి

ధర్మాబాద్

బిడ్డా,

నీ వ్యాసం అందింది. తాత అరచేతిలో ఆ నల్లరాయి బరువును నువ్వు రాసిన తీరు బాగుంది. కానీ మూడో పేరాలో "ఇది ఆకాశం నుంచి రాలిన టెక్టైట్ అని శాస్త్రవేత్తలు తేల్చారు" అంటూ ఒక్క వాక్యంలో దాటేశావు. టెక్టైట్ అంటే ఉల్క తాకిడికి నేల కరిగి, ఎగిరి, దూరంగా పడిన గాజు. అది చదివిన దగ్గర్నుంచి మనసు ఊరుకోవడం లేదు.

ఏ శాస్త్రవేత్తలు? ఏ రాయిని చూశారు? దేంతో కొలిచారు? ఇన్నేళ్లుగా నేను అందరితో పోట్లాడేది ఈ ఒక్క విషయం మీదే. ఏం తెలిసిందో రాసేవాళ్లు అది ఎలా తెలిసిందో కూడా రాయాలి. లేకపోతే పాఠకుడికి సైన్సు వ్యాసమూ జాతకమూ ఒకటే అవుతాయి. రెండింటినీ ఎవరో పెద్దవాళ్లు చెప్పారని నమ్మాల్సిందే.

ఆ రాయి మహారాష్ట్రలోని లోణార్ ఉల్క గుంత దగ్గర దొరికిందని నువ్వే రాశావు. అలాగైతే దాన్ని టెక్టైట్ అనడం కుదరదు. బుల్ఢాణా జిల్లాలోని ఆ గుంత సుమారు 1.8 కిలోమీటర్ల వెడల్పు. ఉల్క వచ్చి పడింది దక్కన్ బసాల్టు మీద, అంటే లావా గడ్డకట్టిన నల్లరాయి మీద. అక్కడ దొరికే గాజు ఆ బసాల్టే కరిగి చల్లారినది. అందుకే దానిలో సిలికా (ఇసుకలో ఉండే పదార్థమే) చుట్టుపక్కల రాయిలో లాగే 50 శాతం దగ్గర ఉంటుంది. టెక్టైట్లు తాకిడి చోటు నుంచి వందల, వేల కిలోమీటర్లు ఎగిరి పడతాయి. చాలావాటిలో సిలికా 70 శాతం దాటుతుంది. అగ్నిపర్వతపు గాజు అబ్సీడియన్‌లోనూ అంతే ఉంటుంది, అదీ నల్లగా మెరుస్తుంది. మరి తేడా ఎలా పట్టారు? నీటితో. పలుచగా కోసిన ముక్కలోంచి పరారుణ కాంతిని పంపి, ఎంత కాంతిని అది పీల్చుకుందో చూస్తే లోపల ఎంత నీరుందో తెలుస్తుంది. టెక్టైట్ బరువులో నీరు సుమారు 0.01 శాతం. అబ్సీడియన్‌లో మామూలుగా దానికి పది రెట్లు, అంతకన్నా ఎక్కువ కూడా. ఈ రెండు అంకెలు నీ వ్యాసంలో ఉంటే "తేల్చారు" అన్న మాట అక్కర్లేదు.

ఇంకొకటి చెప్తాను, ఇది నాకు ప్రాణం. టెక్టైట్లు చంద్రుడి నుంచి వచ్చాయని ఒకప్పుడు పెద్ద పెద్దవాళ్లే వాదించారు. 1969లో అపోలో 11 తెచ్చిన రాళ్ల కూర్పు వీటితో కలవలేదు. ఆ తర్వాత ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా టెక్టైట్లలో బెరీలియం-10 అనే రేడియోధార్మిక పరమాణువు దొరికింది. అది గాలిలో, అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల వల్ల పుట్టి, వానతో దిగి, పైమట్టిలో చేరుతుంది. అంటే సుమారు 7,88,000 ఏళ్ల కింద ఆ గాజుగా మారింది మన భూమి పైమట్టే. నువ్వు "ఆకాశం నుంచి రాలిన" అన్నావే, ఆ టెక్టైట్ గాజు మన నేల నుంచి పైకి లేచి మళ్లీ మన నేలకే దిగింది!

లోణార్‌నూ చాలాకాలం అగ్నిపర్వతం ఖాతాలోనే వేశారు. 1973లో ఫ్రెడ్రిక్సన్ బృందం అది ఉల్క చేసిన గుంతేనని చూపించింది. అక్కడి ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం కరగకుండానే, కేవలం తాకిడి ఒత్తిడికి గాజుగా మారిన మాస్కెలినైట్ వాళ్లకు దొరికింది. ఆ గుంత వయసు 52,000 ఏళ్లని రాశావు. అది థర్మోల్యూమినెసెన్స్ పద్ధతిలో, అంటే వేడి చేస్తే ఖనిజం వెలువరించే వెలుగును కొలిచి వచ్చిన లెక్క. 2011లో ఆర్గాన్ పద్ధతిలో, అంటే పొటాషియం క్షయమై రాయిలో చేరిన ఆర్గాన్ వాయువును కొలిచి వచ్చింది సుమారు 5,70,000. పద్ధతి పేరు రాసి ఉంటే రెండో అంకె కోసం నువ్వే వెతికేదానివి.

చిన్నప్పుడు నేను చదివింది మరాఠీ బడి. తెలుగు అక్షరాలు అమ్మ దగ్గర నేర్చుకున్నాను. వ్యాసాలను గీతల కాగితాల మీద రాసి, నిజామాబాద్ వెళ్లే బస్సు కండక్టర్ చేతికిచ్చి పంపేవాణ్ణి. ఒకసారి ఒక ల్యాబ్‌లో, కూర్పు కొలవడానికి రాళ్లు నూరే ఆయన పక్కన పూటంతా కూర్చున్నాను. ఉక్కు గిన్నెలో నూరితే పొడిలోకి ఇనుము, క్రోమియం, ఒక్కోసారి నికెల్ చేరతాయి. టంగ్‌స్టన్ కార్బైడ్ గిన్నె అయితే టంగ్‌స్టన్, కోబాల్ట్. అందుకని ఆయన అగేట్ అనే గట్టి రాతి కల్వంలో నూరేవాడు, ప్రతి రాయికీ మధ్య కల్వం కడిగేవాడు. లోణార్ గాజు పూసల్లో ఉల్క జాడ అని చెప్పేది ఏమిటి? స్థానిక బసాల్టు కన్నా ఎక్కువగా కనిపించే నికెల్, క్రోమియం, కోబాల్టే. వాటిని పది లక్షల భాగాల్లో ఎన్ని అని లెక్కపెడతారు. గిన్నె తప్పయితే, లేని ఉల్క కూడా కనిపిస్తుంది! ఆ నిజం ఆయన చేతుల మీదే నిలుస్తుంది. నేను ఒక పేజీ రాశాను. సంపాదకుడు మొత్తం కొట్టేసి, "ఇన్ని వివరాలైతే పాఠకులకు టెన్షన్" అన్నాడు. పైన "వీడని మిస్టరీ" అని శీర్షిక పెట్టాడు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు. ఈ రోజుల్లో ప్రతి రాయికీ ఆశ్చర్యార్థకం తగిలించే పద్ధతి వచ్చింది. కొలిచిన మనిషిని తీసేసి వింతను మాత్రం ఉంచుతున్నారు. నువ్వు ఆ గుంపులో కలవొద్దు.

కలం పేరు గురించి, పుస్తకం గురించి అడిగావు. అవన్నీ తర్వాత చూద్దాం.

ముందు ఇస్లాపూర్ వెళ్లి సహస్రకుండ్ జలపాతం దగ్గర బసాల్టు నల్లరాయిని చూడు, ఆ తర్వాత దెగ్లూర్ వైపు గ్రానైట్ చూడు. మన నాందేడ్ జిల్లాలోనే రెండు వేర్వేరు పుట్టుకలు నీ కళ్ల ముందే ఉన్నాయి. వాటిని వేరు చేసి చెప్పగలిగితే గాజు గురించీ చెప్పగలవు. మూడో పేరా తిరగరాసి దీపావళి లోపు పంపు. దేన్ని దేంతో కొలిచారో, తేడా ఎంత వచ్చిందో అందులో కనిపించాలి. రెండు పేజీలైనా ఫరవాలేదు, నేను ఒక్క లైను కూడా కొట్టను.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న